ఓటరు పుస్తకంలో మొదటి దాత

సాన్ తెల్మో
జూన్ 9, 2022

డెల్ఫీ,

పరిశుద్ధాత్మ కృప నీకు తోడుండాలి. నీ గుండెకు మరి కాస్త ఎక్కువ తోడుండాలి.

నువ్వు పంపిన కాగితం అందింది. ఫోనులో అడిగితే పోయేదానికి ఉత్తరాలెందుకని విసుక్కున్నావు. ఫోనులో నువ్వు నన్ను ఒప్పిస్తావు. కాగితమైతే రెండుసార్లు చదువుకుని, మధ్యలో ఒక జపమాల చెప్పుకుని, అప్పుడు ఒప్పుకుంటాను. జరిగేది ఒకటే అయినా నాకు మర్యాదగా ఉంటుంది.

సంతకం చేశాను. ‘ఫిలొమెనా బోర్బా, ముప్పై ఒక్క ఏళ్ళుగా బడి వంటమనిషి’ అని నువ్వు చెప్పినట్టే రాశాను. నవంబరులో ఊరు ఓటెయ్యబోయే కె ప్రతిపాదనకు అవునని ఓటెయ్యమంటూ, కౌంటీ ఇంటింటికీ పంపే ఓటరు పుస్తకంలో వాదించే అయిదుగురిలో నేనొకదాన్ని. మిగతా నలుగురూ మంటలార్పే శాఖ పాత అధికారి, పళ్ళ డాక్టరు, ఇనుపసామాన్ల కొట్టు మెండొన్సా, రెండో తరగతి పంతులమ్మ. ఇంకొక గొర్రెలకాపరి దొరికితే క్రిస్మస్ పశువులపాక పూర్తయ్యేది.

ఇది నీ కోసం చేయలేదు. బడి కుళాయిలకు ఆరేళ్ళుగా టేపు చుట్టి ఉంది. ఆ నీళ్ళు పిల్లలు తాగకూడదని కౌంటీ వాళ్ళే అన్నారు. ప్రతి సోమవారం లారీలో సీసాలు వస్తాయి. మోసేది నేనూ నా నడుమూ. ఊరి పాత బావులు మూడింటినీ కౌలుకిచ్చి, ఆ డబ్బుతో బడి గొట్టాలు మారుస్తారని నీ కాగితంలో ఉంది. అది చాలు నాకు.

ఒక్కటి చెప్పు. ఈ ప్రచారానికి డబ్బు ఎవరిస్తున్నారు? మెండొన్సా చేతికి ఎముక ఎంత గట్టిదో ఊరంతటికీ తెలుసు.

నీ ఆపరేషన్ రోజు నేను మొక్కుకున్న కోడె ఇంకా దొడ్లోనే ఉంది. ఈ ఏడు పరిశుద్ధాత్మ పండుగకు ఊరందరికీ భోజనాలు పెట్టే హాలువాళ్ళకు ముందే మూడు కోడెలు వచ్చాయట. నాది వద్దన్నారు. నువ్వు బతికి ఏడాదిన్నర అయింది, అది కూడా బతికే ఉంది. నన్ను చూసే చూపేమీ బాగాలేదు.

అక్క
ఫిలొమెనా

*

శాక్రమెంటో
జూన్ 15

అక్కా,

నీ సంతకం వచ్చిందని చెప్పగానే మా ప్రచార ఆఫీసులో బాసు లేచి నిలబడ్డాడు. కూర్చోవయ్యా, మా అక్క వేటికన్ నుంచి రాయలేదు అన్నాను. ఆయన అన్నదేమిటో తెలుసా: “నలభై ఏళ్ళ లోపు వాళ్ళు ఆ ఊళ్ళో ఎవరైనా సరే, ఈవిడ వడ్డించింది తిని పెరిగినవాళ్ళే. పళ్ళెంలో బఠాణీలు వదిలితే ఈవిడ చూసిన చూపు ఎవరూ మర్చిపోరు. ఆ చూపు చాలు మనకి.” నువ్వు గెలిపించే మనిషివట. నలభై నాలుగేళ్ళ నుంచి నేను చెబుతున్న సంగతి.

డబ్బెవరిస్తున్నారంటావా. పునీత అంతోనివారు. పోయినవాటిని వెతికిపెట్టేది ఆయనే కదా, మాకు పోయిన డబ్బు కూడా ఆయనే వెతికిపెడుతున్నాడు. నువ్వు దాని గురించి బుర్ర పాడుచేసుకోకు. కమిటీ పేరు చూడు, ‘బడిపిల్లల మంచినీళ్ళ కమిటీ’. అంత పుణ్యాత్ముల పేరు పెట్టుకున్నాక డబ్బు తనంతట తనే సిగ్గుపడి వస్తుంది.

కోడె సంగతికి నా దగ్గర మందుంది. జూలై పదహారున మేం ఊళ్ళో భోజనాలు పెడుతున్నాం. బడి ఆవరణలో, ఊరంతటికీ ఉచితంగా. నీ కోడెతో సోపాస్ వండు. రొట్టె మీద పులుసు, పైన పుదీనా, అమ్మ చేసినట్టు. వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టాలన్నదే కదా నీ మొక్కు. వాళ్ళొచ్చేది దేవుడి కోసమా, నీళ్ళ కోసమా, మాంసం కోసమా అని దేవుడు తలుపు దగ్గర నిలబడి అడుగుతాడా?

నా గుండె బాగుంది. ఉప్పు మానేశాను. మిగతావి మానమని ఎవరూ అడగలేదు.

నీ
డెల్ఫీనో

*

సాన్ తెల్మో
జూన్ 22

డెల్ఫీ,

ప్రభువు నీ నాలుకను కాయాలి. ముందు అదే జారుతుంది.

అంతోనివారి సంఘం అధ్యక్షుడు అజెవెదోగారిని పూజ అయ్యాక కలిసి కృతజ్ఞత చెప్పాను, ప్రచారానికి డబ్బిస్తున్నందుకు. “మా సంఘం దగ్గర ఉన్నది విగ్రహానికి ముక్కు అతికించే డబ్బమ్మా. అది కూడా ఒక ముక్కుకే సరిపోతుంది” అన్నాడు. నువ్వు హాస్యమాడావని అప్పుడు తెలిసింది. “మీ తమ్ముడు శాక్రమెంటో వెళ్ళి సాధువుల మీద కూడా జోకులు నేర్చాడా” అన్నాడు. ఊళ్ళో ఉన్నప్పుడే నేర్చాడని చెప్పలేదు.

నా ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది.

భోజనాలకు కోడెనిస్తాను. మూడు షరతులు. పిల్లలు ముందు తినాలి. భోజన ప్రార్థన కాకుండా ఎవరూ ప్రసంగం చేయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కోడె ఎవరిదో ఎక్కడా చెప్పకూడదు. మొక్కుకు పేరుండదు. అమ్మ ఏమనేదో గుర్తుందిగా: కోడె ఎవరిదో కోడెకు తెలిస్తే చాలు.

అక్క

*

సాన్ తెల్మో
జూలై 19

డెల్ఫీ,

దేవునికి వందనాలు. మొక్కు తీరింది. మూడు వందల నలభై మంది తిన్నారు. నువ్వు వేదిక మీద మాట్లాడిన పద్దెనిమిది నిమిషాలూ కూడా వాళ్ళు తింటూనే ఉన్నారు కాబట్టి నష్టం జరగలేదు.

నువ్వు వెళ్ళాక పక్కింటి శమీరాన్ వచ్చింది. కాదన్న పక్షానికి ఆవిడే పెద్ద అని నీకు తెలుసు. నేరుగా గుండిగ దగ్గరికే వచ్చింది.

“ఏమే ఫిలొమెనా, లంచం బాగా ఉడికింది. ఇంకో గరిటె వెయ్యి.”

వేశాను. “ఓటు మరి?” అన్నాను.

“ఓటు కాదనే. పులుసు మాత్రం అవునని.”

రెండు గిన్నెలు తిని మూతి తుడుచుకుంటూ, “కౌలు కాగితాల్లో పదకొండో పేజీ చదివావా?” అంది. నా దగ్గర ఒక్క పేజీయే ఉందని చెప్పాను. “మీ తమ్ముడు తెలివైనవాడు. ఉప్పు తగ్గించమన్నారటగా. పేజీలు కూడా తగ్గించాడు” అంది. వాళ్ళమ్మ ఇరాన్ వదిలి వచ్చేటప్పుడు బంగారం అక్కడే పారేసి నాలుక ఒక్కటి తెచ్చుకుందని ఊళ్ళో అంటారు. నిజమే అయ్యుంటుంది.

ఆ పదకొండో పేజీ నాకు పంపు.

మీ లెక్కలు చూసే అమ్మాయి అట్ట పట్టుకుని వచ్చి కోడె బరువెంత అని అడిగింది. పోయినవాళ్ళ బరువు అడగకూడదన్నాను. అది కూడా రాసుకుంది. ఆ అమ్మాయికి కొంచెం నిద్ర అవసరం.

అక్క

*

శాక్రమెంటో
ఆగస్టు 3

అక్కా,

కూర్చుని చదువు. నువ్వు ఊళ్ళోకెల్లా పెద్ద దాతవయ్యావు.

మన కౌంటీలో ఈ ఏటి నుంచి కొత్త రూలు. ఓటరు పుస్తకంలో ప్రతి ప్రతిపాదన కిందా రెండు పక్షాలకీ ఎక్కువ ఇచ్చిన ముగ్గురేసి దాతల పేర్లు వేయాలి. ఓటేసేవాడికి ఎవరి డబ్బుతో ఎవడు మాట్లాడుతున్నాడో తెలియాలట. జూలై ముప్పై ఒకటి దాకా ఇచ్చినవే లెక్క. మా లెక్కల అమ్మాయి పిచ్చి నిజాయితీది. డబ్బు కాకపోయినా దానమే అంటుంది. మన కోడెకి సంతలో ధర కట్టి రెండువేల ఎనిమిదివందల యాభై డాలర్లని రాసేసింది. మెండొన్సా అయిదు వందలు ఇచ్చాడు, అదీ మేకుల రూపంలో. పళ్ళ డాక్టరు రెండువందల యాభై. అంచేత పుస్తకంలో ఇలా వస్తుంది: ఒకటి, ఫిలొమెనా బోర్బా, బడి వంటమనిషి.

మా బాసు ఆనందం చూడాలి. “అవతలివాళ్ళు మనల్ని డబ్బున్న కంపెనీల మనుషులని తిడుతున్నారు. మన పెద్ద దాత ఒక వంటావిడ. ఇక తిట్టమను” అని ఆఫీసంతా తిరిగాడు.

మొక్కు సంగతి నాకు గుర్తుంది అక్కా. కానీ ఇది నేను చెప్పడం కాదు కదా. ప్రభుత్వం చెప్పడం. అమ్మ ప్రభుత్వాన్ని వద్దనలేదు.

పదకొండో పేజీ అంతా లాయర్ల భాష. నిద్రపట్టనివాళ్ళకి రాసింది. నీకు బాగానే పడుతుంది.

డెల్ఫీనో

*

సాన్ తెల్మో
ఆగస్టు 6

డెల్ఫీ,

ఆ లెక్క సరి కాదు. వెంటనే సరిచేయించు. మొక్కు విలువ తెలిసినవాడివి, నువ్వే ఇలా చేయవచ్చా?

అక్క

*

శాక్రమెంటో
ఆగస్టు 10

అక్కా,

పోస్టుకార్డు చూసి భయపడ్డాను. నువ్వు రెండు ముక్కలు రాశావంటే ఇరవై ముక్కలు మింగావని అర్థం. నీ మాట నిజమే. ఆ ధర మరీ చిన్నతనంగా ఉంది. ఏడాదిన్నర మేపిన కోడెని, పైగా మొక్కు కోడెని, సంతలో పశువులా లెక్కగట్టారు. అమ్మాయితో గట్టిగా మాట్లాడాను. మేత, నీ వంట సామాను, పుదీనా అన్నీ కలిపించాను. సవరణ కాగితం నిన్ననే దాఖలైంది. ఇప్పుడు మూడువేల నాలుగువందలు.

కోపం తగ్గిందా? ఇంకా పెంచాలంటే కోడె చదువుకున్నదని రుజువు చూపించాలట.

డెల్ఫీనో

*

సాన్ తెల్మో
ఆగస్టు 15
మరియమాత మోక్షారోపణ పండుగ

డెల్ఫీ,

నీ ఉత్తరం చదివి నిన్న జపమాల మూడో దశకంలో పది పూసలూ నిన్ను తిట్టాను. నాలుగో దశకంలో క్షమాపణ అడిగాను. అయిదోది మళ్ళీ తిట్టడానికే సరిపోయింది.

లెక్క సరిచేయమంటే పేరు తీయమని అర్థం. ధర పెంచమని కాదు.

ఈ రోజు పూజ కాగానే కౌంటీ ఎన్నికల ఆఫీసుకు వెళ్ళాను. పుస్తకం అచ్చుకు వెళ్ళే ముందు పది రోజులు ఎవరైనా వచ్చి చూడవచ్చని బోర్డు పెట్టారు. బల్ల వెనక మై వాంగ్ ఉంది. మా బడి పిల్లే. బఠాణీలు జేబులో దాచేది.

“ఈ పేరు తీసేయాలి మై” అన్నాను.

“అబద్ధమా మిస్ ఫిలొ?”

“కాదు. కోడె నాదే.”

“అయితే తీయడం కుదరదు. అబద్ధమైతే జడ్జీ దగ్గరికి వెళ్ళి కొట్టేయించుకోవచ్చు. నిజానికి ఆ సదుపాయం లేదు.”

“దాతలు ఇంతేనా?”

“జూలై ఆఖరు దాకా ఇంతే. తర్వాత వచ్చినవాళ్ళు పుస్తకంలోకి ఎక్కరు. అదిగో, ఆ గదిలో ఫైళ్ళలో ఉంటారు. ఎవరైనా చూడొచ్చు.”

“ఎవరైనా చూశారా?”

“ఏసీ బాగుచేసే అతను ఒకసారి తలుపు తీశాడు. పొరపాటున.”

గదిలోకి వెళ్ళాను. శమీరాన్ అప్పటికే అక్కడ కూర్చుని ఉంది, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని. లేచి కుర్చీ జరిపింది. “రండి పెద్ద దాతగారూ, దయచేయండి. మీవంటివారు నిలబడకూడదు” అంది. కూర్చున్నాను. నాకు తగినదే.

నీ పునీత అంతోనివారిని చూశాను. ఆయన పేరు ఆరెల్ నీళ్ళ కంపెనీ. ఆగస్టు ఒకటిన, పేర్ల గడువు దాటిన మర్నాడు, నాలుగు లక్షల పదివేల డాలర్లు ఇచ్చాడు.

తర్వాత పదకొండో పేజీ చదివాను. నిద్ర రాలేదు. బావులు నలభై ఏళ్ళు వాళ్ళవి. ఎంత తోడాలన్నదానికి హద్దు లేదు. తోడిన నీళ్ళు కాలువలో వేసి ఎక్కడికైనా అమ్ముకోవచ్చు. పక్కన ఇళ్ళ బావులు ఎండితే కంపెనీకి సంబంధం లేదు. ఆ పక్కన ఇళ్ళంటే నాదీ శమీరాన్‌దీ, ఇంకో అరవై కుటుంబాలదీ. బడి గొట్టాల సంగతి ఒకే వాక్యం. ఊరి ఖర్చులు పోను మిగులు ఉంటే మారుస్తారట.

ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను ఈ పిల్లలకు ‘ఇది తినండి, మంచిది’ అంటే తిన్నారు. ఇప్పుడు వాళ్ళ ఇంటింటికీ పుస్తకం వెళుతుంది, అందులో అదే మాట అంటాను. నా దగ్గర ఉన్నది ఆ మాట ఒక్కటే, డెల్ఫీ.

మొదటి వాదన నుంచి సంతకం వెనక్కి తీసుకునే గడువు శుక్రవారమే అయిపోయింది. కాని ఒక దారి ఉంది. ఒక పక్షం వాదనకు రెండో పక్షం జవాబు రాయవచ్చు, ఆ జవాబు కింద వాళ్ళు ఒప్పుకున్న ఎవరైనా సంతకం పెట్టవచ్చు. మై చెప్పింది. శమీరాన్ నన్ను కిందికీ పైకీ చూసి, “నా జవాబులో ఒక చోటు ఖాళీ ఉంది. నువ్వు రెండు వైపులా ఉంటే అందంగానే ఉంటుంది, పేకముక్కలో రాణిలాగా” అంది.

వచ్చే సోమవారం సాయంత్రం అయిదింటి దాకా గడువు. అంతలోగా నువ్వే ఊరి పత్రికకు ఆ కంపెనీ పేరు చెప్పు. అప్పుడు నేను చెప్పే పని ఉండదు.

ఇంకొక్కటి. నీకు ఇది ముందే తెలుసా? అవునో కాదో, ఒక్క మాట రాయి.

అక్క

*

శాక్రమెంటో
ఆగస్టు 18

అక్కా,

తెలీదు. ఒట్టు. ఒకటో తేదీన చెక్కు వచ్చాకే నాకూ తెలిసింది. పైవాళ్ళు పైన మాట్లాడుకుంటారు, మాకు కరపత్రాల రంగు ఎంచుకునే స్వాతంత్ర్యం ఒక్కటే ఇస్తారు.

పత్రికకి నేను చెప్పలేను. చెప్పిన రోజే నన్ను బయటికి పంపుతారు. ఉద్యోగం పోతే పోనీ, ఇంకోటి దొరుకుతుంది, శాక్రమెంటోలో అబద్ధాలకి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. కానీ ఉద్యోగంతో పాటు ఆరోగ్య బీమా పోతుంది. నా గుండెలో ఉన్న ఆ చిన్న తీగని మూణ్ణెల్లకోసారి చూడకపోతే డాక్టరు ఊరుకోడు. రోజూ నాలుగు మాత్రలు. ఆ మాత్రల ధర చూస్తే నీ కోడె సిగ్గుపడుతుంది.

నువ్వు సంతకం పెట్టినా అంతే. మా అక్కవని అందరికీ తెలుసు. నన్ను బతికించమని మొక్కుకుని, ఆ మొక్కు తీర్చి నెల తిరగగానే నువ్వే నన్ను పడేస్తావా?

నీళ్ళు పంచుకోవడం మనుషులు ఎప్పుడూ చేసిందే. ఊళ్ళో ఎవరికీ ఏమీ కాకపోవచ్చు. సీసాలు ఎన్నాళ్ళు మోస్తావు? మిగులు ఉండొచ్చు కూడా. ఈ ఒక్కసారికి ఊరుకో అక్కా. నేను ఎప్పుడైనా ఏదైనా అడిగానా? సరే, అడిగాను. ఇంకొక్కటి.

డెల్ఫీనో

*

సాన్ తెల్మో
ఆగస్టు 22

డెల్ఫీ,

నాలుగుంపావుకు సంతకం పెట్టాను. ముందు గుడిలో గంటసేపు కూర్చున్నాను. పరిశుద్ధాత్మ ఏమీ చెప్పలేదు. ఆయన దగ్గర కూడా ఒక పేజీయే ఉందేమో.

జవాబుకు రెండువందల యాభై మాటలు వాడుకోవచ్చన్నారు. శమీరాన్ రెండువందల నలభై తొమ్మిది రాసుకొచ్చింది, అందులో సగం నీ గురించే, మై ఒప్పుకున్నా అచ్చువేసేవాడు ఒప్పుకోడు. చించేసి నేను రాసింది ఇది:

‘ఈ కమిటీకి పెద్ద దాతగా ఈ పుస్తకంలో ఉన్నది నా పేరు. నేనిచ్చింది ఒక కోడె. పేర్ల గడువు దాటిన మర్నాడు ఆరెల్ నీళ్ళ కంపెనీ నాలుగు లక్షల పదివేల డాలర్లు ఇచ్చింది. అవునని సంతకం చేసినప్పుడు నాకది తెలియదు. ఇప్పుడు తెలిసింది. నేను కాదని ఓటు వేస్తున్నాను.’

ముప్పై అయిదు మాటలు. “ఇంతేనా? ఇంకా రెండువందల పదిహేను మిగిలాయి. నాకివ్వు” అని శమీరాన్ గొణిగింది. ఇవ్వలేదు.

అమ్మ పేరు చెప్పకూడదన్నది దేవుడికి ఇచ్చినదాని గురించి. ఓటు కోసం ఇచ్చినదానికి పేరుండాలి. రెండిటినీ ఒకే గుండిగలో ఉడకబెట్టాం. తప్పు నాది కూడా.

నీ మందుల చీటీ పంపు. నేను చూసుకుంటాను. ఎలా అని అడగకు, నాకూ తెలియదు.

అక్క

*

సాన్ తెల్మో
అక్టోబరు 14

డెల్ఫీ,

ప్రభువు నిన్ను కాయాలి. ఎనిమిది వారాలుగా నీ దగ్గర నుంచి ఆ మందుల చీటీ తప్ప ఒక్క ముక్క లేదు. నీ ఉద్యోగం పోయిందని మెండొన్సా చెప్పాడు. నేను పంపిన మందులు తిరిగి రాలేదు కాబట్టి వేసుకుంటున్నావనుకుంటాను. తిట్టయినా రాయి.

పుస్తకం ఇంటింటికీ వచ్చింది. నా పేరు మూడు చోట్ల ఉంది. అవునని ఒకచోట, దాతగా ఒకచోట, కాదని ఒకచోట. “పిత, పుత్ర, పరిశుద్ధాత్మ” అన్నాడు మెండొన్సా కొట్లో. నవ్వాను. పాపమని తెలుసు.

కొందరు నా తల తిరిగిందంటున్నారు. పళ్ళ డాక్టరు నమస్కారం మానేశాడు. అజెవెదోగారు మాత్రం దారిలో ఆపి, “అంతోనివారి పేరు పోకుండా కాపాడావమ్మా” అన్నారు. మై చెప్పింది, ఆ గదికి ఈ నెలలో నూట ఎనిమిది మంది వచ్చారట. కుర్చీలు చాలక గోడకు ఆనుకుని చదువుతున్నారట. ఏసీ మళ్ళీ పాడయింది.

కంపెనీ రోజుకొక రంగుల కాగితం పంపుతోంది. మంచి మందం. పెంకులు రాలిన చోట కోళ్ళగూటికి అతికించాను.

అక్క

*

శాక్రమెంటో
నవంబరు 12

అక్కా,

రెండువందల పన్నెండు ఓట్లతో ఓడిపోయాం. ‘పోయాం’ అనడం అలవాటు. నన్ను ఆగస్టు ఇరవై నాలుగునే పంపేశారు. బాసు తలుపు దాకా వచ్చి, “మీ అక్క ముప్పై అయిదు మాటలు మా నాలుగు లక్షల కంటే ఖరీదయ్యాయి” అన్నాడు. నాకు లోపల గర్వంగా అనిపించింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అట్టపెట్టెలో మిగతా సామానుతో పాటు పెట్టుకుని వచ్చాను.

ఇప్పుడొక ఇటుకల వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తున్నాను. బీమా వచ్చే నెల నుంచి. ఇక మందులు పంపకు. పంపావు కదా అన్నీ, అడగొద్దన్నావని అడగలేదు, కానీ నీ దొడ్లో మిగిలిన ఆవులు లేవని విన్నాను.

నువ్వు అడిగింది ఒక్క మాట. నేను తెలీదన్నాను. తెలుసు అక్కా. మార్చిలోనే తెలుసు. చెక్కు ఆగస్టు ఒకటికి ముందు పంపొద్దని కంపెనీకి ఉత్తరం రాసింది నేనే, నా బుర్రలో పుట్టిన ఆలోచనే. పుస్తకంలో మెండొన్సాలాంటి పేర్లు వస్తే చాలనుకున్నాను. నీ పేరు పైకొస్తుందనుకోలేదు, అది నిజం. కానీ వచ్చాక భయం వెయ్యలేదు, సంతోషమేసింది. అది చెప్పుకోలేక మూడు నెలలు ఉత్తరం రాయలేదు. నీకు కోపం వచ్చిందనుకునేవాళ్ళతో అక్కకి కోపం రాదని చెబుతూ ఉండిపోయాను.

ఇప్పుడు రా కోపం. నేను ఎక్కడికీ పోను.

డెల్ఫీ

*

సాన్ తెల్మో
నవంబరు 16

డెల్ఫీ,

తెలుసు.

కంపెనీవాళ్ళు చెక్కు వివరాల కాగితానికి నీ ఉత్తరం కూడా పిన్ను కొట్టి దాఖలు చేశారు. ఎవరో గుమాస్తా చూసుకోలేదు. మార్చి పద్నాలుగు తేదీ. కింద నీ సంతకం, డి కి తోక పెట్టి. మరియమాత పండుగ రోజు ఆ బల్ల దగ్గరే చదివాను. శమీరాన్ నీళ్ళు తాగడానికి బయటికి వెళ్ళింది. ఆమె వచ్చేసరికి కాగితం తిప్పేశాను. అప్పుడు నీకు రాసి అడిగాను, నువ్వే చెబుతావని. చెప్పలేదు. నేనూ అడగడం మానేశాను.

రెండువందల పదిహేను మాటలు మిగిలాయి నాకు. నీ పేరుకు రెండు చాలు. రాయలేదు.

ఊళ్ళో నన్ను ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి అంటున్నారు. ఓట్లు లెక్కపెట్టిన మర్నాడు శమీరాన్ తన చెట్టు అక్రోటు కాయలు సంచి నిండా తెచ్చి, గుమ్మంలో పెట్టి, “నీ నోట అబద్ధం రాదే ముండా” అని వెళ్ళిపోయింది. తీసుకున్నాను. ఇంకా పగలగొట్టలేదు.

నీ పేరు దాచిన పాపం చెప్పుకోవడానికి ఆగస్టులోనే పాపసంకీర్తనానికి వెళ్ళాను. “పశ్చాత్తాపం ఉందా?” అన్నారు ఫాదర్. “లేదు, మళ్ళీ అయినా అదే చేస్తాను” అన్నాను. “అయితే నేను క్షమించడానికి లేదమ్మా” అన్నారు. “సరే, వచ్చే వారం వస్తాను” అన్నాను. పన్నెండు వారాలుగా మా ఇద్దరికీ అదే సంభాషణ. ఈ మధ్య ఆయన నేను మోకరించే లోపే నిట్టూరుస్తున్నారు.

క్షమాపణ దొరక్కుండా తీసుకోకూడదు కాబట్టి, పూజలో దివ్యసత్ప్రసాదం తీసుకోవడం లేదు. మొదటిసారి తీసుకున్న ఏడేళ్ళ వయసు నుంచి ఇన్ని ఆదివారాలు ఎప్పుడూ మానలేదు. అందరూ వరసలో ముందుకు వెళుతుంటే నేను బల్ల మీదే కూర్చుంటాను. మోకాలి నొప్పి అనుకుంటున్నారు. ఊళ్ళో ఉన్న తైలాలన్నీ నా ఇంట్లో చేరాయి.

బడి కుళాయిలు అలాగే ఉన్నాయి. అందుకు నాకు నిద్ర సరిగా రావడం లేదు. కాని అది వేరే బాధ, దాన్ని చెప్పుకోవచ్చు.

నీ మీద కోపం లేదు. ఉన్నదంతా ఆ మూడో దశకంలో, అయిదో దశకంలో అయిపోయింది. అయినా నీ పేరు నేను చెప్పను. ఫైలు ఆ గదిలోనే ఉంది, ఎవరైనా చూడవచ్చు, ఇన్నాళ్ళూ పేజీ తిప్పి చూసినవాళ్ళు లేరు. నువ్వే చెప్పాలి, ఊరంతటికీ కాకపోయినా శమీరాన్‌కు. ఆదివారం పూజ వేళకు ఆమె వాకిట్లో ఆకులు ఊడుస్తుంటుంది. ఆమె పెట్టే తిట్లు పావుగంట వస్తాయి. మధ్యలో జోకు వేయకు. నేను పక్కన నిలబడతాను.

శనివారం బస్సుకు రా. నా మోకాలు నయం కావాలి.

అక్క
ఫిలొమెనా